యుమ్మాకు వేసిన ఆకు

గుట్టకిందపల్లెలో నేల కింద ఏముందని ఎవరినడిగినా రాయి అంటారు. రాయి కింద ఏముందంటే మళ్ళీ రాయే. బోర్లు వేయించి చేతులు కాల్చుకున్నవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. అయినా ఆ ఊళ్ళో వీధి వీధంతా మేడలు లేచాయంటే అది ఆ నేల పుణ్యం కాదు, సముద్రానికి అవతల ఇంకెవరి నేల కిందో ఊరిన చమురు పుణ్యం.

పుంగనూరు నుంచి సోమల పోయే దారిలో తగులుతుంది ఆ ఊరు. ఒక ఇల్లు విడిచి ఒక ఇంటి ఆడమనిషి కువైట్లో ఉంటుంది. మగవాళ్ళు మాత్రం ఊళ్ళోనే ఉంటారు. టీ అంగడి ముందు బెంచీ మీద కూర్చుని ఫోన్లో చమురు బ్యారెల్ ధర చూసుకుంటూ ఉంటారు. వేరుశనక్కాయల ధర అడగండి, తల గోక్కుంటారు. బ్యారెల్ ధర అడగండి, నిన్నటిదీ మొన్నటిదీ కలిపి చెబుతారు. బ్యారెల్ అంటే ఎంత ఉంటుందో కళ్ళతో చూసినవాడు వాళ్ళలో ఒక్కడూ లేడు. కానీ అక్కడ అది దిగిందంటే అక్కడి ఇళ్ళల్లో పనిమనుషులను తగ్గిస్తారనీ, అప్పుడు ఇక్కడ సిమెంటు మూటలు లారీ దిగవనీ అందరికీ తెలుసు. మదనపల్లెలో బంగారు అంగళ్ళవాళ్ళకు తెలుసు. పుంగనూరు చుట్టూ చేలల్లో హద్దురాళ్ళు నాటి ప్లాట్లు అమ్మేవాళ్ళకు ఇంకా బాగా తెలుసు.

ఓబులేసు ఆ బెంచీ మీది పెద్దమనుషుల్లో ఒకడు. వయసులో ఉన్నప్పుడు కుప్పం దగ్గర గ్రానైట్ క్వారీలో బండకు బెజ్జాలు వేసే పని చేశాడు. అక్కడ దొరికే పచ్చరాయిని ఓడలెక్కించి ఏయే దేశాలకో పంపేవాళ్ళు. కొన్నాళ్ళకు ఆ దేశాలవాళ్ళకు పచ్చరంగు మీద మోజు తీరి, ఇంకో రంగు మీద మోజు పుట్టింది. ఓబులేసు పనిచేసే క్వారీ ఆగిపోయింది, గుంతలో వాననీళ్ళు నిలిచాయి, ఓబులేసు ఇల్లు చేరాడు, అతని పెండ్లాం పాపక్క పాస్‌పోర్టు తీసుకుంది. రాయి అమ్ముడుపోక పెండ్లాన్ని ఎగుమతి చేశాడని బెంచీ మీద ఒకాయన ఎగతాళి చేశాడు. ఏడాది తిరక్కముందే ఆయన పెండ్లాం కూడా విమానం ఎక్కింది. ఆ తర్వాత ఊళ్ళో అలాంటి ఎగతాళి ఎవరూ చేయలేదు.

ఇప్పుడు పాపక్క తిరిగొచ్చింది. బెంగళూరు విమానాశ్రయంలో కొడుకు కిషోర్ వంగి కాళ్ళకు దండం పెట్టాడు. కోడలు వసుధ ఏడాది నిండని బిడ్డను చేతుల్లో పెట్టింది. ఓబులేసు తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. పాపక్క అందరినీ చూసి నవ్వింది. నవ్వాలి కాబట్టి నవ్వింది. లోపల ఏమీ కదల్లేదు. ఒకే పక్కకు ఒత్తి పడుకుంటే చెయ్యి తిమ్మిరెక్కుతుంది చూడండి, గిల్లినా అది మన చెయ్యి కాదన్నట్టు ఉంటుంది. ఆమెకు మనిషి మొత్తం అలా ఉంది. కాసేపుంటే పోతుందిలే అనుకుంది. కారు కోలారు దాటింది, పుంగనూరు దాటింది, ఇల్లు కూడా వచ్చింది గానీ ఆ తిమ్మిరి పోలేదు.

ఇల్లు ఆమెదే, ఆమె రెక్కల కష్టంతో లేచిందే. అయినా మొదటిరోజు పొద్దున వంటింటి గడప దగ్గర నిలబడి, "అమ్మా వసుధా, ఫ్రిజ్జు తీయొచ్చునా?" అని అడిగింది. వసుధ పుంగనూరులో ఒక ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తుంది, టిఫిన్ బాక్సు కట్టుకుంటోంది. బిత్తరపోయి, "అదేంది అత్తా, నీ ఇల్లే గదా!" అంది. పాపక్క సరేనని తలూపింది. మర్నాడు మళ్ళీ అడిగింది. హాల్లో సోఫా ఉండగా పోయి వంటింటి గోడకు ఆనుకుని కింద కూర్చునేది. ఎవరైనా పెద్దగా పిలిస్తే ఠక్కున లేచి నిలబడేది. ఓబులేసు అది చూసి, "ఆడ బాగా పని నేర్పించినారు," అని బెంచీ మీద గొప్పగా చెప్పుకున్నాడు.

కువైట్లో ఆమె పని ఒక ముసలామెను చూసుకోవడం. ఆ దేశంలో అమ్మను యుమ్మా అంటారు. ఇంటిల్లిపాదీ ఆమెను అలాగే పిలిచేవాళ్ళు, పాపక్కా అలాగే పిలిచింది. యుమ్మా మంచంలో ఉన్న మనిషి. లేపాలి, కడగాలి, నీళ్ళు పోయాలి, తినిపించాలి. నోరు మాత్రం మంచంలో లేదు, అది వీధులు తిరిగేది. కాఫీ చల్లారితే గిన్నె విసిరికొట్టేది. చక్కెర జబ్బు ఉన్నా దిండు కింద ఖర్జూరాలు దాచుకునేది. పాపక్క చూసీ చూడనట్టు దిండు గలీబు మార్చేది. కొడుక్కు తెలిసి కేకలేస్తే, "నీ పనిమనిషి నాకు కూతురు, నువ్వే నాకు పోలీసు," అని ముసలామె తిప్పికొట్టేది.

నిద్ర పట్టనప్పుడు యుమ్మా పాతకాలం కబుర్లు చెప్పేది. వాళ్ళ నాన్న ముక్కుకు కొయ్యముక్క పెట్టుకుని సముద్రంలో మునిగి ముత్యాలు ఏరేవాడట. వేసవి అంతా మునిగితే మిగిలేది ఖర్జూరం బుట్టలేనట. తాగే నీళ్ళు పడవల మీద వచ్చేవట, ఆడవాళ్ళు బిందెల కోసం జుట్లు పట్టుకునేవాళ్ళట. "మా ఊళ్ళో ట్యాంకరు వస్తే ఇప్పుడూ అంతే యుమ్మా," అని పాపక్క అనేది. "మీ దేశం బియ్యం రాకపోతే మా పొయ్యి వెలిగేది కాదు. మీ రూపాయలే మా బజార్లో చెల్లేవి," అనేది యుమ్మా. "ఆ తర్వాత నేల కింద నుంచి చమురు వచ్చింది. చమురు వెనకాలే నువ్వు వచ్చావు."

"అది అయిపోతే?" అని పాపక్క ఒకసారి అడిగింది.

"అయిపోతే నా మనవరాళ్ళు మీ ఇంటికొచ్చి గిన్నెలు తోముతారు. వాళ్ళకు పని రాదు, ఓపిక పట్టు, కొట్టవద్దు," అని పళ్ళు లేని నోటితో పడీ పడీ నవ్వింది ముసలామె. నవ్వి నవ్వి, "మీ నేల కింద ఏముంది?" అంది. రాయి అని పాపక్క చెప్పింది. "దేవుడు పంచేటప్పుడు మీవాళ్ళు నిద్రపోయుంటారు," అని జాలిపడి, దిండు కింది నుంచి ఒక ఖర్జూరం తీసి ఇచ్చింది.

అలా తొమ్మిదేండ్లు గడిచాయి. మొన్న ఎండాకాలంలో యుమ్మాకు జ్వరం తగిలింది, ఆస్పత్రికి తీసుకుపోయారు, తెల్లవారుజామున పోయింది. శవాన్ని కడగడానికి చుట్టాల్లోని ఆడవాళ్ళు వచ్చారు. పాపక్క కూడా అలవాటు చొప్పున సబ్బూ తువ్వాలూ పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. ఏ భుజం ముట్టుకుంటే నొప్పో, ఏ పక్కకు తిప్పాలో ఆమెకే తెలుసు. యుమ్మా కూతురు బయటికొచ్చి, "నువ్వు వంటింట్లోకి వెళ్ళు, జనం వస్తారు, కాఫీ చూడు," అంది. కసిరి కాదు, మామూలుగానే అంది. వాళ్ళ పద్ధతిలో ఆ నీళ్ళు వాళ్ళే పోయాలి. పాపక్క వెళ్ళి కాఫీ పెట్టింది. మూడురోజులు జనం వస్తూనే ఉన్నారు, ఆమె కాఫీ పోస్తూనే ఉంది, గిన్నెలు తోముతూనే ఉంది. ఏడవవద్దని ఎవరూ అనలేదు. ఏడవడానికి ఆమెకే తీరిక దొరకలేదు. తీరిక దొరికేసరికి ఏడుపు రాలేదు. తిమ్మిరి ఎక్కింది అప్పుడే.

యుమ్మా కొడుకు మంచివాడే. జీతం అంతా చేతిలో పెట్టి, టిక్కెట్టు కొనిచ్చి, ఆఫీసులో ఖర్చులు తగ్గిస్తున్నారనీ, బ్యారెల్ బాగా దిగిందనీ, ఇంట్లో ఇంతమంది పనివాళ్ళు ఇక అక్కర్లేదనీ మర్యాదగా చెప్పాడు. కూతురు యుమ్మా తలకు కట్టుకునే నల్లగుడ్డ ఒకటి గుర్తుగా ఇచ్చింది. విమానంలో ఆ గుడ్డను ఒళ్ళో పెట్టుకుని పాపక్క ఒకటే అనుకుంది. ఇంక పోకూడదు, ఇంకో ఇంటికి, ఇంకో ముసలామెకు నీళ్ళు పోయలేను.

ఆ మాట ఇంట్లో చెప్పాలి. చెప్పడమే కుదరలేదు. వచ్చిన రోజే, "యుమ్మా పాయ," అని ఓబులేసుతో మొదలుపెట్టింది. అతను నాలుక చప్పరించి, "అయ్యో, బంగారట్లా ఇల్లు. పోనీలే, నువ్వేం దిగులు పడొద్దు. మదనపల్లె దామోదర్‌కు సెప్పినాను, ఇంకో ఇల్లు సూస్తాండాడు," అన్నాడు. దామోదర్ అంటే వీసాలు ఇప్పించే ఏజెంటు. ఊళ్ళో సగంమందిని పంపింది అతనే.

ఎవరైనా పొమ్మని గట్టిగా అని ఉంటే పాపక్క ఎదురు చెప్పేదేమో. ఒక్కరూ అనలేదు, అదీ చిక్కు. "నీకిష్టమైతేనే పోమ్మా," అనేవాడు కిషోర్, అని మేడ మీదికి చూసేవాడు. అక్కడ పైఅంతస్తు కోసం వదిలిన ఇనుప కమ్మీలు తుప్పుపట్టి ఆకాశంలోకి నిలబడి ఉన్నాయి. "నువ్వుంటే పాపకు బాగుంటాది అత్తా," అనేది వసుధ, ఆ వెంటనే కాంట్రాక్టు ఉద్యోగాలు తీసేస్తారని ఆఫీసులో అనుకుంటున్న మాట ఎత్తేది. ఓబులేసు అసలేమీ అనేవాడు కాదు, మోకాలు పట్టుకుని మూలిగేవాడు. ఇంత ప్రేమగా చూసేవాళ్ళ ముందు పోను అనే మాట నోరు దాటేదెలా? పాపక్క నోరు తెరిచేది, "ఫ్రిజ్జు తీయొచ్చునా?" అనేది.

ఎదురింటి కృష్ణమ్మ ఒక్కతే ఆమె ముఖంలోకి చూసేది. కృష్ణమ్మ కూడా కువైట్లో పదేండ్లు చేసి, మోకాళ్ళు అరిగి ఇంటికొచ్చిన మనిషి. "కొన్నాళ్ళు నాకూ అట్లే ఉండె పాపక్కా. ఎవురి సేతులో ఏమో అన్నట్లు ఉంటాది," అని మాత్రం అంది. అంతకు మించి అడగలేదు.

ఇంతలో పెద్దల అమావాస్య దగ్గరపడింది. దసరాకు ముందు ఆ ఒక్కరోజు పోయినవాళ్ళంతా ఇంటికొస్తారని ఆ పక్క నమ్మకం. ఇల్లు కడిగి, పటాల ముందు ఆకులు వేసి, వాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి వడ్డిస్తారు. కొత్తబట్టలు పెడతారు. బీడీ తాగే తాతకు బీడీ కట్ట, వక్కాకు నమిలే అవ్వకు వక్కాకు. నిప్పుల మీద సాంబ్రాణి వేసి ఒక్కొక్కరూ తమ కోరిక నోరు తెరిచి చెప్పుకుంటారు. మనసులో అనుకుంటే పెద్దలకు వినబడదు. ఆ తర్వాత తలుపు దగ్గరికేసి అందరూ బయట కూర్చుంటారు, లోపల వాళ్ళు సిగ్గుపడకుండా తినాలి కదా.

"మాయమ్మకొకటి, మా నాయనకొకటి. రెండాకులు సాలు," అన్నాడు ఓబులేసు ముందురోజు.

"ఇంకొకటి వేయల్ల," అంది పాపక్క. వచ్చినప్పటి నుంచి ఆమె తనకై తాను అడిగింది అదొక్కటే.

"ఎవురికి?"

"యుమ్మాకు."

ఓబులేసు తమాషా అనుకున్నాడు. కాదని తెలిశాక నోరు వెళ్ళబెట్టాడు. "ఏమ్మే, తెలివుండే మాట్లాడతాండావా? ఆయమ్మ మన కులమా, మన మతమా? పక్కన కూసుంటే మా యమ్మ ఆకు మింద సెయ్యి పెడతాదా? బతికుండంగానే ఎవురింట్లోనూ నీళ్ళు ముట్టేది కాదు."

"ఆయమ్మకు ఎవురు పెడతారు మల్ల?"

"ఆడ బిడ్డలుండారు గదా."

"వాళ్ళల్లో ఇట్ల పెట్టరు."

"పెట్టరంటే ఆయమ్మకు ఆ ఆకలి ల్యాదనే గదా," అన్నాడు ఓబులేసు. మాట సూటిగానే ఉంది.

"నన్ను నీళ్ళు పోయనీలేదు," అంది పాపక్క మెల్లగా. అది జవాబు కాదని ఆమెకూ తెలుసు. వసుధ బిడ్డను ఆడిస్తూ ఒకసారి తలెత్తి చూసింది.

కిషోర్ కల్పించుకున్నాడు. "పెట్టనీ నాయనా, నీ సొమ్మేం పోతాది? ఆయమ్మ ఇంటి జీతంతోనే గదా ఈ గోడలు లేసింది."

ఓబులేసు గోడల వైపు చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగా అతని ముఖం వెలిగింది. "నిజమేరా," అన్నాడు. "బతికుండంగా అన్నేండ్లు అన్నం పెట్టిన సెయ్యి, సచ్చినాంక మాత్రం ఇడిసిపెడతాదా? ఆ దేశంలో ఆయమ్మకు తెలీని ఇల్లుంటాదా? అడగల్లే గానీ మంచి ఇల్లు ఆయమ్మే సూపిస్తాది. వేయండి, ఆయమ్మకు పెద్దాకే వేయండి."

పాపక్క అడిగింది ఏమిటి, అక్కడ తేలింది ఏమిటి! దీపం వెలుగుతుంటే చుట్ట ముట్టించుకోడానికి వచ్చినట్టు వచ్చాడు ఆ మనిషి. అయినా ఆకు వేయనిచ్చారు కదా అని ఆమె ఊరుకుంది. సాయంత్రానికి సంగతి బెంచీ మీదికెక్కింది. ఓబులేసు ఇంట్లో కువైట్ ముసలామెకు పెడుతున్నారట, వీసా అడుగుతారట అని ఊరంతా గుప్పుమంది. మావాళ్ళకూ ఒకమాట అడగమని ఇద్దరు ముగ్గురు కొబ్బరికాయలు కూడా తెచ్చిచ్చారు.

అమావాస్యనాడు పాపక్క చీకటితో లేచి తలకు పోసుకుంది. అత్తామామలకు ఓళిగలు, వడలు, పప్పు, పాయసం చేసింది. యుమ్మాకు వేరే కుండ పెట్టింది. పెట్టెలో అడుగున తెచ్చుకున్న ఎండు నిమ్మకాయలు పగలగొట్టి వేసి మాంసంతో అన్నం వండింది, యాలకులు దంచి కాఫీ కాచింది. ఆ రోజు ఫ్రిజ్జు తీయడానికి ఎవరినీ అడగలేదు. చేతులకు అన్నీ గుర్తున్నాయి. ఎండు నిమ్మకాయ వాసన ముక్కుకు తగిలినప్పుడు గుండె దగ్గర ఎక్కడో సన్నగా చీమలు పాకినట్టయింది. తిమ్మిరి వదిలేటప్పుడు అలాగే ఉంటుంది. పాపక్క గరిటె పట్టుకుని కదలకుండా నిలబడింది, కదిలితే అది పోతుందేమోనని.

ఓబులేసు అమ్మానాయనలవి పటాలున్నాయి. యుమ్మాకు పటం లేదు, పాపక్క ఫోన్లో ఉన్న ఫొటో ఒక్కటే. కిషోర్ ఆ ఫోనును చెంబుకు ఆనించి నిలబెట్టాడు. ముందు నల్లగుడ్డ మడిచి పెట్టారు, ఖర్జూరాలు పెట్టారు. ఫోను దానంతట అది ఆరిపోతూ ఉంటే కిషోర్ వేలితో తట్టి మళ్ళీ వెలిగిస్తూ కూర్చున్నాడు. ఇల్లు కిక్కిరిసింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గడప దాకా వచ్చారు. కృష్ణమ్మ గోడ పట్టుకుని వచ్చి స్టూలు మీద కూర్చుంది.

ఓబులేసు తన పెద్దలకు ధూపం వేసి, పిల్లాజెల్లను చల్లగా చూడమన్నాడు. తర్వాత మూడో ఆకు ముందుకు జరిగి చేతులు జోడించాడు. వెనక్కి తిరిగి, "ఆయమ్మకు తెలుగు తెలీదు గదా!" అన్నాడు. అందరికీ అది పెద్ద చిక్కుగానే తోచింది. ఇంత ఖర్చు పెట్టి, అడిగింది అర్థం కాకపోతే ఏం లాభం?

"నువ్వే అడుగు పాపా," అన్నాడు ఓబులేసు. "ఆ బాసలోనే అడుగు. సిగ్గుపడొద్దు, గట్టిగా అడుగు. మంచి ఇల్లు సూపించమను. పనెక్కువైనా ఫరవాల్యా, జీతం బాగుండల్ల అని సెప్పు. కృష్ణమ్మక్కా, నువ్వు కూడా విను, ఏమన్నా తప్పిపోతే అందియ్యి."

పాపక్క మోకాళ్ళ మీద కూర్చుంది. నిప్పుల మీద సాంబ్రాణి చల్లింది. పొగలో ఫోను అద్దం మీద యుమ్మా పళ్ళు లేని నోటితో నవ్వుతోంది. ఇంతమంది నిశ్శబ్దంగా ఆమె మాట కోసం కాచుకోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

"యుమ్మా," అంది. "ఖలాస్, యుమ్మా. అన తాబానా. మా అబీ అరూహ్."

అయిపోయింది యుమ్మా, నేను అలిసిపోయాను, నాకు పోవాలని లేదు. ఒకసారి అన్నాక ఆగలేదు. ఆ రోజు నన్ను లోపలికి రానివ్వలేదు, నీ ఎడమ భుజం నొప్పని వాళ్ళకు ఎవరైనా చెప్పారో లేదో, నేను కాఫీ కాస్తూనే ఉన్నాను, ఏడవలేదు, తప్పు పట్టుకోకు. నన్ను ఇంకో ఇంటికి పంపనీకు. వీళ్ళకు నువ్వే చెప్పు, నాకు నోరు రావడం లేదు. అంతా అరబ్బీలోనే అంది. కళ్ళల్లోంచి నీళ్ళు దిగాయి, దిగుతున్నాయని ఆమెకు తెలిసింది, వెచ్చగా ఉన్నాయని కూడా తెలిసింది.

"సూడండి, ఎట్ల అడుగుతాందో," అని గడప దగ్గర ఒకామె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "కన్నకూతురు కూడా అట్ల అడగదు."

అప్పుడే ఫోను మోగింది. యుమ్మా ముఖం పక్కకు పోయి, అద్దం నిండా దామోదర్ పేరు వచ్చింది. అతను రెండు రోజులకోసారి చేస్తూనే ఉన్నాడు. కానీ ఆ సమయానికి ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది? "పలికింది! తల్లి పలికింది!" అని ఓబులేసు రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకున్నాడు. ఆడవాళ్ళు చెంపలు వేసుకున్నారు. కిషోర్ ఆకు మీదుగా చెయ్యి చాపి ఫోను తీసుకున్నాడు, అందరూ వినేట్టు స్పీకరు పెట్టి, తాను కిషోర్‌నన్నాడు.

"ఇల్లు కుదిరిందప్పా," అంది దామోదర్ గొంతు. "పెద్దిల్లు. ముసలాయన ఒకడుండాడు, మంచంలోనే. అనుభవం ఉండే మనిసే కావాలంట. అమ్మను రేపు మదనపల్లెకు పిలసకరా, మెడికల్ సేపిద్దాం."

"తెస్తానన్నా," అన్నాడు కిషోర్.

ఓబులేసు సంతోషం పట్టలేక కృష్ణమ్మ వైపు తిరిగాడు. "ఏమక్కా, సరిగ్గానే అడిగింది గదా? నువ్విన్యావు గదా?"

కృష్ణమ్మ పాపక్క వైపు చూసింది. పాపక్క చెంపలు తుడుచుకుని, పళ్ళెంలో మిగిలిన సాంబ్రాణి పొడిని వేలితో ఒక పక్కకు కుప్ప చేస్తోంది. ముఖం మళ్ళీ మునుపటిలాగే ఉంది.

"అడిగింది," అంది కృష్ణమ్మ. "శానా బాగా అడిగింది."

ఓబులేసు ఇంకో టెంకాయ కొట్టాడు. తలుపు దగ్గరికేసి అందరూ బయటికొచ్చారు. వీధిలో వాళ్ళు కిషోర్ చుట్టూ మూగి, ఆ ముసలాయన ఇంట్లో ఇంకా ఎవరైనా కావాలేమో దామోదర్‌ను అడగమంటున్నారు. ఒకాయన ఫోను తీసి, బ్యారెల్ కూడా నిన్నటి మీద ఎక్కిందని చూపించాడు. అది కూడా ముసలామె చలవేనని తేల్చారు. వసుధ బిడ్డను చంకన వేసుకుని వచ్చి, అత్త చెయ్యి పట్టుకుని వదిలి వెళ్ళిపోయింది. పాపక్కకు ఆ చెయ్యి తగిలినట్టు కూడా లేదు.

కృష్ణమ్మ అరుగు మీద ఆమె పక్కన కూర్చుని, మోకాళ్ళు నిమురుకుంది. ఆఖరికి ఆపుకోలేక, గొంతు తగ్గించి అడిగింది.

"ఆ సెప్పిందేదో ఈళ్ళకే తెలుగులో సెప్పుంటే సరిపోయుండు గదా పాపక్కా. యాల సెప్పలేదు?"

పాపక్క మూసిన తలుపు వైపు చూస్తూ ఉంది.

"తెలుగులో సెబితే ఈళ్ళకు అర్థమైపోతాది గదక్కా," అంది.